బయానా నాడు ఒక రేటు, రిజిస్ట్రేషన్ నాడు ఇంకో రేటు

ఇల్లు అమ్ముతానని బయానా తీసుకుంటాడు. పెద్దమనుషుల ముందు రేటు ఒప్పుకుంటాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం కూడా పెడతాడు. కొనేటాయన జీతం స్లిప్పులు పట్టుకొని బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాడు. పీఎఫ్ లోంచి అడ్వాన్సుకు దరఖాస్తు పెడతాడు. ఇంట్ల ఉన్న బంగారం కుదువకు పోతుంది. ఊర్లె మిగిలిన ఎకరం పొలం బేరానికి వస్తుంది. సరిగ్గా రిజిస్ట్రేషన్ కు పదిహేను రోజుల ముందు ఫోన్ మోగుతుంది.

"అన్నా, ఏమనుకోకు. రేటు పెరిగింది. ఇంకో ఎనిమిది లక్షలు కలిపితే చేస్త. లేకుంటే నీ బయానా నువ్వు తీస్కపో."

హైదరాబాద్ లో గానీ, వరంగల్ లో గానీ, కరీంనగర్ లో గానీ ఇల్లు కొనబోయిన పది మంది ఉద్యోగులను కూర్చోబెట్టి అడగండి. వారిలో ఇద్దరు ముగ్గురైనా ఈ ఫోన్ ఎత్తినవాళ్లే ఉంటారు. కొందరు పళ్లు బిగబట్టి కట్టారు. కొందరు బయానా వాపస్ తీసుకొని మళ్లీ కిరాయి ఇంటికే పోయారు. కోర్టుకు పోయినవాళ్లు తక్కువ. "మార్కెట్ గట్లున్నది, ఏం చేస్తం" అనుకొని ఊరుకున్నవాళ్లే ఎక్కువ.

ఈ వ్యాసం ఆ "ఏం చేస్తం" మీదనే. చేయవలసింది ఉన్నది. చేయకపోతే నష్టపోయేది ఆ ఒక్క ఇల్లు కాదు.

మార్కెట్ అనే సాకు

ముందు లెక్క చూద్దాం. 62 లక్షలకు బేరం కుదిరింది, 5 లక్షలు బయానా ఇచ్చారు, 90 రోజుల గడువు పెట్టుకున్నారు అనుకుందాం. 75వ రోజు అమ్మేటాయన 8 లక్షలు ఎక్కువ అడిగాడు. ఆ 8 లక్షలూ లోన్ లోనే కలిపితే 9 శాతం వడ్డీ మీద 20 ఏండ్లకు నెలకు దాదాపు 7,200 రూపాయల కిస్తు పడుతుంది. అన్నీ కలిపితే 17 లక్షల పైనే. ఒక చిన్న ఉద్యోగి ఇద్దరు పిల్లల ఫీజు అందులో కొట్టుకుపోతుంది. ఎవరికోసం? ఒకసారి ఇచ్చిన మాటను రెండోసారి అమ్ముకున్నవాని కోసం.

"రేటు పెరిగింది గదా" అంటాడు. సరే. ఆ 90 రోజుల్లో రేటు పడిపోతే? కొనేటాయన ఫోన్ చేసి "అన్నా, మార్కెట్ పడిపోయింది, ఆరు లక్షలు తక్కువ ఇస్త" అంటే ఒప్పుకుంటాడా? బయానా జప్తు అంటాడు. పెద్దమనుషులు కూడా అదే అంటారు. అంటే పెరిగినప్పుడు మార్కెట్ అమ్మేటోనిది, పడినప్పుడు కాగితం అమ్మేటోనిది. ఇది వ్యాపారం కాదు, ఒక పక్కకే తిరిగే తక్కెడ.

అసలు గడువు పెట్టుకొని రేటు రాసుకునేదే రేపటి రేటుతో పని లేకుండా చేసుకోవడానికి. ఎక్కువ తక్కువల భారం ఇద్దరూ ఆ రోజే పంచుకున్నారు. పెరుగుతుందని తెలిసినవాడు గడువు తక్కువ పెట్టుకోవాలి, లేదా ఆ రోజే ఎక్కువ అడగాలి. బయానా పైసలు మూడు నెలలు వాడుకొని, అవతలి మనిషిని ఇంకో ఇల్లు చూడకుండా కట్టేసి, చివరికి "నీ పైసలు నీకిస్త" అంటే న్యాయం అయిపోదు. ఆ మూడు నెలల్లో మిగతా ఇండ్ల రేట్లు కూడా పెరిగాయి. బయానా వాపస్ వచ్చిన మనిషి మొదట ఎక్కడున్నాడో అక్కడికి రాడు, ఇంకా వెనక్కి పోతాడు.

ఈ రోగాన్ని పెంచడంలో సర్కారు చెయ్యి కూడా ఉన్నది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పలికింది ఆకాశమంత మేడలు కట్టే జాగకు. కానీ ఆ వార్త టీవీలో వచ్చిన మరునాటి నుంచి దాంతో ఏ సంబంధం లేని కాలనీలో రెండు గదుల ఫ్లాటు అమ్మేటోడు కూడా తన బయానా కాగితం తీసి మళ్లీ చదువుకుంటాడు. ఔటర్ రింగు రోడ్డు అన్నప్పుడూ అంతే, మెట్రో అన్నప్పుడూ అంతే. ఖజానా నింపుకోవడానికి రేటును పండుగ చేసే ప్రభుత్వం, ఆ రేటు కింద నలిగే కొనుగోలుదారుకు ఒక రక్షణ కూడా ఏర్పాటు చేయాలి గదా?

మనకు తెలిసిన కథే

పెద్దమనుషుల మధ్య కూర్చొని ఒప్పుకున్నది తర్వాత మారిపోవడం తెలంగాణకు కొత్త కాదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్ లో ఇటు నలుగురు, అటు నలుగురు కూర్చొని రాసుకున్న దానికి పేరే పెద్దమనుషుల ఒప్పందం. ప్రాంతీయ మండలి అన్నారు. తెలంగాణ మిగులు తెలంగాణకే అన్నారు. ఉద్యోగాలకు 12 ఏండ్ల నివాసం ఉండాలన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి అన్నారు. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉంటాయని కూడా రాసుకున్నారు. నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడింది. తెలంగాణకు ఉప ముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదు. మండలి అన్నది ప్రాంతీయ సంఘం అయింది. రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి ఇక బయానా కాగితంతో పనేముంది అన్నట్టు నడిచింది.

1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో కూడా అంతే. నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోపల వెనక్కి పంపాలని గడువు రాశారు. గడువు దాటితే ఎవరిని నిలదీయాలో రాయలేదు. ఇరవై ఏండ్లు ఆ జీవో అమలు కోసం మళ్లీ ధర్నాలు చేయవలసి వచ్చింది.

ఇక 2009 డిసెంబర్ సంగతి చెప్పనే అక్కర లేదు. 9వ తేదీన రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలు పెడతామన్నారు. 23వ తేదీన విస్తృత సంప్రదింపులు జరగాలన్నారు. ఇల్లు అమ్మేటోడు బేరం కుదిరిన రెండు వారాలకు "మా తమ్మున్ని అడగాలె, మా బామ్మర్ది ఒప్పుకుంటలేడు" అంటాడు చూడండి, అచ్చం అదే భాష. తమ్ముడు బయానా నాడు లేడా? ఉన్నాడు. రేటు పెరిగిన తర్వాతనే అడగాలని గుర్తుకొచ్చింది.

ఈ చరిత్రను ఇక్కడ ఎందుకు తవ్వుతున్నానంటే ఒకే మాట కోసం. ఆ కాగితాల్లో రాసింది తక్కువేం కాదు. లేనిది ఏందంటే, మాట తప్పితే ఏ గడప ఎక్కాలి, ఎన్ని రోజుల్లో తేలాలి, తప్పినవాడు ఏం కట్టాలి అన్నది. అమలు చేయించే దారి లేని ఒప్పందం బలవంతునికి సౌకర్యం, బలహీనునికి ఆశ. రాష్ట్రం కోసం నేర్చుకున్న ఈ పాఠాన్ని ఇంటి బేరం కాడ మరిచిపోతున్నాం.

మనోడే గదా అంటే

ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. ఉద్యమం నడిచినన్ని రోజులు మాట తప్పేటోడు అంటే అవతలి ప్రాంతం బిల్డరే మన కండ్ల ముందు మెదిలేది. అట్లాంటివాళ్లు ఉన్నారు కూడా. కానీ 2014 జూన్ 2 తర్వాత కూడా ఈ ఫోన్లు ఆగలేదు. ఇప్పుడు చేసేటోని యాస మన యాసే. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. నెల జీతం వస్తదో రాదో తెల్వకుండా ఉద్యోగులు, టీచర్లు రోడ్డు మీద కూర్చున్నారు. అప్పుడు ఒకే టెంటు కింద కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇయ్యాల అమ్మేటోడు, ఒకరు కొనేటోడు అయినప్పుడు కూడా ఇదే జరుగుతున్నది.

"మనోడే గదా" అనే మాట మీద ఎన్ని ఇండ్లు పోయినయో లెక్క లేదు. మనోడే గదా అని రసీదు అడగరు. మనోడే గదా అని బయానా నగదుగా ఇస్తారు. మనోడే గదా అని కాగితంలో అసలు రేటు రాయరు, సర్కారు లెక్క రేటు రాసి మిగతాది నోటి మాట మీద పెడతారు. చివరికి పేచీ వచ్చినప్పుడు, ఒప్పుకున్న రేటు ఇంత అని రుజువు చేయడానికి కొనేటోని దగ్గర తాను తాగించిన చాయ్ తప్ప ఏమీ ఉండదు. తెల్ల డబ్బు, నల్ల డబ్బు కలిపిన బేరంలో మొదట మునిగేది జీతగాడే. ఎందుకంటే అతని డబ్బంతా తెల్లదే, లోను కూడా కాగితం మీద ఉన్న రేటుకే వస్తుంది. స్థిరాస్తి బయానాగా 20 వేలు, ఆపైన నగదు తీసుకోవద్దని 2015లో ఆదాయపు పన్ను చట్టంలోనే నిబంధన తెచ్చారు. అయినా నగదు అడిగే అమ్మేటోడు మొదటి రోజే తన ఉద్దేశం చెప్పినట్టు.

ఊర్లల్ల సాదాబైనామాల గోస మనం చూసిందే. తెల్ల కాగితం మీద రాసుకున్న భూముల కోసం లక్షల మంది దరఖాస్తులు పెట్టుకొని ఏండ్లకేండ్లు ఎదురు చూశారు. తాతలు మాట మీద కొన్నారు, మనవలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. పట్నంలో చదువుకున్న మనం స్టాంపు కాగితం మీద అదే పని చేస్తున్నాం.

చట్టం చేతికి ఇచ్చింది ఏమిటి

అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మనదైపోదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఈ మాట స్పష్టంగానే చెప్పింది. అమ్మకపు ఒప్పందం ఆస్తిలో హక్కు ఇవ్వదు, సేల్ డీడ్ చేయించుకునే హక్కు మాత్రం ఇస్తుంది. జీపీఏ రాయించుకుంటే చాలు అనేవాళ్లకు సుప్రీంకోర్టు 2011లోనే జవాబు చెప్పింది, జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం రాదని.

కానీ ఆ హక్కు చిన్నది కాదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద "ఒప్పుకున్న రేటుకే రిజిస్ట్రేషన్ చేయించండి" అని సివిల్ కోర్టును అడగవచ్చు. మునుపు ఇప్పించాలా వద్దా అన్నది జడ్జి విచక్షణకు వదిలేవారు. 2018 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ విచక్షణను తీసేసింది. చట్టంలో చెప్పిన మినహాయింపులు లేకపోతే అమలు చేయించాల్సిందే. రేటు పెరిగింది అన్న ఒక్క కారణంతో కొన్నవానికి ఇల్లు నిరాకరించడం మామూలుగా కుదరదని సుప్రీంకోర్టు 2002లోనే అన్నది. అయితే ఆ కేసుల్లో అవసరమైతే కొంత ఎక్కువ మొత్తం కట్టమనే అధికారం కోర్టుకు ఉంటుందని కూడా చెప్పింది.

"బయానా రెట్టింపు ఇస్త, పో" అనేవాళ్లు ఉంటారు. అగ్రిమెంటులో ఆ షరతు రాసి ఉన్నా, అది మాట నిలబెట్టుకోవడానికి పెట్టిన జరిమానాయే తప్ప తప్పించుకునే దారి కాదు. డబ్బు ఇచ్చి బయటపడే స్వేచ్ఛ అమ్మేటాయనకు ఉన్నదని కాగితం చెప్తే తప్ప, ఆ షరతు దావాకు అడ్డం రాదు. అందుకే సంతకం పెట్టే ముందు ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి.

కొనేటాయన మీద కూడా ఒక బాధ్యత ఉన్నది. గడువు లోపల డబ్బు కట్టడానికి తాను మొదటి నుంచి చివరి దాకా సిద్ధంగా ఉన్నానని రుజువు చేయాలి. డబ్బు మూట కట్టి చూపించనక్కర లేదు. లోన్ మంజూరు పత్రం, బ్యాంకు ఖాతా లెక్క ఉండాలి. ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే.

గడువు తేదీ నుంచి 3 ఏండ్ల లోపల దావా వేయాలి. తేదీ రాసుకోకపోతే, చేయనని అమ్మేటాయన చెప్పిన సంగతి తెలిసిన రోజు నుంచి 3 ఏండ్లు. మూడేండ్లు ఉన్నదని నిద్ర పోవద్దు. పట్టణాల్లో రేట్లు ఎట్లా పెరుగుతున్నాయో చూస్తూ, చిన్న అడ్వాన్సు ఇచ్చి ఏండ్ల తరబడి కూర్చున్నవాళ్లను సుప్రీంకోర్టు 1997లోనూ, 2011లోనూ ఆదరించలేదు.

ఫోన్ వచ్చిన రోజు

ఫోన్ వచ్చిన రోజు కోపంతో నాలుగు మాటలు అని పెట్టేస్తే మనసు చల్లబడుతుంది, కేసు కూడా చల్లబడుతుంది. చేయాల్సినవి వేరే ఉన్నాయి.

బయానా వాపస్ తీసుకోవద్దు. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. మధ్యవర్తి కవరు తెచ్చి "ముందైతే ఇది తీస్కో, తర్వాత మాట్లాడుదాం" అంటాడు. తీసుకుంటే బేరం రద్దు చేసుకున్నట్టు వాదించడానికి అవతలి వకీలుకు దొరికిపోతారు. అడగకుండానే ఖాతాలో వేస్తే, ఒప్పుకోవడం లేదని అదే రోజు రాతలో చెప్పి తిప్పి పంపాలి.

జవాబు రాతలో ఇవ్వాలి. "ఫలానా తేదీ ఒప్పందం ప్రకారం ఫలానా రేటుకు నేను సిద్ధంగా ఉన్నాను, మిగతా డబ్బు సిద్ధంగా ఉన్నది, ఫలానా రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రండి" అని వాట్సాప్ లో పెట్టి, అదే మాట స్పీడ్ పోస్టులో పంపాలి. తర్వాత వకీలు నోటీసు. చెప్పిన రోజు ఆఫీసుకు పోవాలి, పోయినట్టు రుజువు ఉంచుకోవాలి. అమ్మేటాయన రాకపోతే ఆ రాకపోవడమే మీ సాక్ష్యం.

ఈసీ తీసి చూసుకోవాలి. రేటు పెంచేటోని వెనుక చాలాసార్లు ఇంకో కొనేటోడు ఉంటాడు. ఒప్పందం సంగతి తెలియకుండా మంచి మనసుతో పూర్తి డబ్బు కట్టి కొన్నానని ఆ మూడో మనిషి నిరూపిస్తే మన హక్కు ఆయన ముందు నిలవదు. అందుకే ఆలస్యం చేయకుండా దావా వేసి, ఇల్లు ఇంకొకరికి అమ్మకుండా తాత్కాలిక ఉత్తర్వులు అడగాలి. దావా నడుస్తుండగా అమ్మినా, కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే.

కోర్టుకు పోలేని పరిస్థితి కూడా ఉంటుంది. ఇంట్ల పెండ్లి ఉంటుంది, లోన్ గడువు అయిపోతుంది, ముసలి తల్లిదండ్రులుంటారు. రాజీ పడితే తప్పు లేదు. కానీ రాజీ కూడా కాగితం మీదనే పడాలి. ఒకసారి రేటు పెంచినవాడు రెండోసారి పెంచడని నమ్మకం ఏముంది? కొత్త మొత్తం, చివరి తేదీ రాసిన అనుబంధ ఒప్పందం లేకుండా ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. వీలైతే ఎక్కువ మొత్తం సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం అయ్యే రోజే ఇవ్వాలి.

ఇవన్నీ రోగం వచ్చాక మందులు. రాకుండా చూసుకునేది బయానా రోజునే. ఇంటి మీద హక్కున్న అందరి సంతకాలూ ఆ రోజే తీసుకోవాలి. ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ములవే కాదు, అక్కచెల్లెండ్లవి కూడా. నాటి ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే, దేశమంతటా 2005 నుంచి ఆడబిడ్డలకు అందులో వాటా ఉన్నది. రేపు వాళ్ల పేరు సాకుగా చెప్పే అవకాశం ఇవ్వొద్దు. అన్నింటికన్నా ముఖ్యం, అగ్రిమెంటును రిజిస్టర్ చేయించడం. 1999లో తెచ్చిన రాష్ట్ర సవరణతో మన దగ్గర అమ్మకపు ఒప్పందం కూడా రిజిస్టర్ కావలసిన పత్రమే. రిజిస్టర్ కాని కాగితంతో దావా వేయలేమని కాదు, వేయవచ్చు. కానీ రిజిస్టర్ అయిన కాగితం ఈసీలో కనబడుతుంది. "నాకు తెల్వదు" అనే మూడో మనిషి నోరు అక్కడ మూతపడుతుంది.

బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాటు కొనేవాళ్లకు ఇంకో ఆయుధం ఉన్నది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోవద్దు. ఒప్పందంలో లేని కారణంతో కేటాయింపు రద్దు చేస్తే రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. ప్రాజెక్టు రెరాలో నమోదు కాకముందే అమ్మడం నేరం. ప్రీలాంచ్ పేరుతో తక్కువ రేటు చూపించి, స్లాబులు పడ్డాక రేటు మార్చే ఆటకు మందు ఇదే. ఒక ఇంటి యజమాని తన పాత ఇల్లు అమ్మితే మాత్రం రెరా పనికిరాదు, సివిల్ కోర్టే దిక్కు.

రైతు కూడా రేటు పెంచాడంటే

ఇక్కడ ఒక తేడా చూడకపోతే అన్యాయం చేసినవాళ్లమవుతాం. అమ్మేటోడు రేటు పెంచిన ప్రతిసారీ తప్పు అతనిదే కాదు. శంషాబాద్ విమానాశ్రయం, ఔటర్ రింగు రోడ్డు వచ్చిన రోజుల్లో ఏం జరిగిందో శివారు ఊర్లను అడిగితే చెప్తాయి. బిడ్డ పెండ్లికో, బోరు అప్పుకో రైతు భూమి అమ్మకానికి పెడతాడు. దళారి వచ్చి చిటికెడు బయానా ఇచ్చి ఆరు నెలల గడువు రాయించుకుంటాడు. అతనికి కొనే ఉద్దేశం లేదు, డబ్బు కూడా లేదు. ఆ కాగితం పట్టుకొని ఇంకొకనికి ఎక్కువకు అమ్ముతాడు, ఆయన మరొకనికి. అగ్రిమెంటు మీద అగ్రిమెంటు. గడువు దాటి ఏడాది అయినా రైతుకు మిగతా పైసలు రావు. అప్పుడు రైతు "ఈ రేటుకు ఇయ్య" అంటే అది మాట తప్పడం కాదు. మాట తప్పింది గడువు దాటించినవాడు.

కాబట్టి రేటు ఎవరు పెంచారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. తన వంతు గడువులో ఎవరు నిలబెట్టుకున్నారన్నది అసలు ప్రశ్న. జీతగాడు లోన్ పత్రం చేతిలో పట్టుకొని గడువు లోపల నిలబడ్డాడు, కాబట్టి అతనికి ఇల్లు రావాలి. దళారి చేతులూపుకుంటూ గడువు దాటించాడు, అతనికి భూమి రాకూడదు. 2018 సవరణ మీద నాకున్న అనుమానం కూడా ఇదే. జడ్జి విచక్షణ పోవడం ఉద్యోగికి మేలు. కానీ అప్పుల్లో ఉండి సంతకం పెట్టిన రైతు గోసను చూసే కన్ను కూడా దాంతోనే పోయింది. మోసం, బలవంతం అని రుజువు చేసుకొమ్మంటే నిశాని వేసే రైతు ఎట్లా చేసుకుంటాడు? పేదరైతుకు న్యాయ సహాయం లేకుండా ఈ చట్టం దళారి చేతిలో కత్తి అయ్యే ప్రమాదం ఉన్నది.

అడగాల్సింది

రాష్ట్రం మనదైనప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసు, సివిల్ కోర్టు కూడా మన అవసరానికి పని చేయాలి. నాలుగు అడుగుదాం.

ఒకటి, అమ్మకపు ఒప్పందానికి తెలుగులో, ఉర్దూలో సులువైన నమూనా ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉచితంగా దొరకాలి. అందులో రేటు, గడువు, హక్కుదారులందరి సంతకాలు, ఎవరు మాట తప్పితే ఏం కట్టాలన్నది స్పష్టంగా ఉండాలి. రెండు, సొంతంగా ఉండడానికి మొదటి ఇల్లు కొనేవాళ్ల ఒప్పందాన్ని నామమాత్రపు ఫీజుతో రిజిస్టర్ చేయాలి. స్వాధీనం ఇస్తూ రాసే అగ్రిమెంటుకు సేల్ డీడ్ తో సమానంగా స్టాంపు డ్యూటీ అడుగుతారు. ఖర్చుకు భయపడే జనం వంద రూపాయల కాగితం దగ్గర ఆగిపోతున్నారు.

మూడు, కోర్టు ఫీజు. ఒప్పుకున్న రేటుకు ఇల్లు ఇప్పించమని దావా వేస్తే ఆ మొత్తం రేటు మీద కోర్టు ఫీజు లెక్క కడతారు. 62 లక్షల ఇంటికి ఫీజు కట్టి, వకీలును పెట్టుకొని, ఆ కాలమంతా కిరాయి కట్టేంత స్తోమత ఉంటే ఆ మనిషి లోన్ కు ఎందుకు పోతాడు? ఒక్క ఇల్లు కొనుక్కునే కుటుంబానికి ఈ ఫీజు తగ్గించాలి. నాలుగు, ఇట్లాంటి దావాలు సమన్లు అందిన నాటి నుంచి 12 నెలల్లో, మహా అయితే ఇంకో 6 నెలల్లో తేల్చాలని 2018 సవరణే చెప్పింది. ఆ గడువు కాగితం మీద ఉన్నది. 610 జీవోలో గడువు కూడా కాగితం మీదనే ఉండింది. జిల్లాకో కోర్టునైనా ఈ కేసులకు కేటాయించకపోతే ఇది కూడా ఆ దారిలోనే పోతుంది.

సర్కారు ఇచ్చేదాకా ఆగనక్కర లేదు. ఉద్యమంలో వకీళ్లు కోర్టులు వదిలి రోడ్డు మీదికి వచ్చారు. ఉద్యోగ సంఘాలు పెన్ డౌన్ చేశాయి. అదే సంఘాలు, అదే వకీళ్లు కలిసి ప్రతి జిల్లా కేంద్రంలో వారానికి ఒక పూట కూర్చొని బయానా కాగితాలు చదివి పెట్టలేరా? లా చదివే విద్యార్థులు ఊర్లకు పోయి దళారి కాగితం రైతుకు చదివి వినిపించలేరా? ఇవి పెద్ద పనులు కావు.

సంఘాల్లో ఇంకో కట్టుబాటు కూడా రావాలి. మనలో ఎవడైనా బయానా తీసుకొని రేటు పెంచితే, పెద్దమనుషులుగా పోయి "ఎనిమిది కాదు, నాలుగుకు ఒప్పుకో" అని సగం కింద పంచాయితీ తెంపడం మానేయాలి. అది రాజీ కాదు, మాట తప్పినవానికి నాలుగు లక్షలు ఇప్పించడం. గడువు లోపల కొనేటాయన డబ్బుతో సిద్ధంగా ఉన్నాడా అని అడగండి. ఉన్నాడంటే కాగితంలో రాసిన రేటుకే సంతకం పెట్టుమని చెప్పండి. పెట్టనంటే కొనేటాయన పక్కన సాక్షిగా కోర్టుకు పోయి నిలబడండి. 1956లో సాక్షులుండి కూడా మనకు లేకుండా పోయింది ఆ నిలబడేటోడే.